నలుపు ఎప్పుడు వేయాలి? చిక్కు సమస్యలకు హ్యూరిస్టిక్ వెతుకులాట, అడుగడుగునా

ఛత్తా బజార్‌లో మా బావకు ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. ఒకే రంగు అచ్చేసే మిషన్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ముహూర్తాలు లేని ఆషాఢంలో బోనాల ఆహ్వానాలు. మాఘమాసం వచ్చిందంటే బల్ల మీద ఇరవై పనులు పేరుకుంటాయి. ఒక రంగు నుంచి మరో రంగుకు మారాలంటే రోలర్లు, బ్లాంకెట్ (ఇంకును కాగితం మీదికి దించే రబ్బరు షీటు) కడగాలి. పసుపు తరువాత నలుపు ఎక్కించడానికి ఐదు నిమిషాలు చాలు. నలుపు దించి పసుపు ఎక్కించాలంటే మూడుసార్లు కడిగినా కాగితం మీద మురికి ఛాయ తేలుతూనే ఉంటుంది. కాబట్టి ఏ పని తరువాత ఏ పని అన్నదే ఆ రోజు ఎన్ని కట్టలు గడప దాటుతాయో తేలుస్తుంది.

“వరస పెట్టడమే కదా, అన్ని వరసలూ కంప్యూటర్‌లో వేసి చూడు, మంచిది అదే చెబుతుంది” అన్నాడు బావ. నేనూ అలాగే అనుకున్నాను. 20 పనులను పెట్టగల వరసలు 2432902008176640000. సెకనుకు పది లక్షల వరసలు చూడగల కంప్యూటర్‌కు 12 పనులైతే 8 నిమిషాలు పడుతుంది. 15 పనులైతే 15 రోజులు. 20 పనులైతే దాదాపు 77000 సంవత్సరాలు. అన్నీ చూడకుండానే కచ్చితమైన జవాబు తేల్చే తెలివైన పద్ధతులు లేకపోలేదు, 20 పనులను అవి సులువుగానే నెగ్గుకొస్తాయి. కానీ గడువులు, కాగితం సైజులు, ఆరబెట్టే వేళలు, రెండో మిషన్ ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే వాటి ఊపిరీ ఆడదు.

అక్కడ పనికొచ్చేది హ్యూరిస్టిక్. గ్రీకులో ‘కనుగొను’ అనే ధాతువు నుంచి వచ్చిన మాట, ఆర్కిమెడిస్ అరిచాడని చెప్పే ‘యురేకా’కు చుట్టం. తెలుగులో నాకు దీనికి దగ్గరగా తోచేది ‘ఒడుపు’. అన్నీ చూడకుండా, ఎక్కడ చూడాలో పసిగట్టే ఒడుపు. ప్రెస్సు వరసే కాదు, దుకాణంలో బల్లల అమరిక, అద్దె ఇంటి ఎంపిక వంటివి కూడా ఇదే దారిలో విప్పవచ్చు. నేను మాత్రం ఒక్క ఉదాహరణనే పట్టుకుని చివరిదాకా లాగుతాను. పెన్ను, కాగితం తీసుకుని లెక్కలు మీరూ వేసి చూడండి.

ముందు సమస్యను కాగితం మీద పెట్టండి

నాలుగు ప్రశ్నలకు జవాబు రాయనిదే వెతకడం మొదలుపెట్టకండి. ఒక జవాబు ఎలా ఉంటుంది? మా లెక్కలో అది రంగుల వరస. ఒక జవాబు నుంచి పక్క జవాబుకు ఎలా వెళ్లాలి? రెండు పనుల చోట్లు మార్చడం, లేదా ఒకదాన్ని తీసి ఇంకోచోట పెట్టడం. ఏ జవాబు మేలో దేనితో కొలవాలి? కడిగే నిమిషాలతో. ఏది ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు? ఒక వైపు ఇంకు ఆరకుండా రెండో వైపు అచ్చు వేయడం.

మూడో ప్రశ్న దగ్గర నేను దెబ్బతిన్నాను. మొదటిసారి కడిగే నిమిషాలే లెక్కవేసి వరస ఇచ్చాను. వరస చక్కగా ఉంది. నల్ల ఇంకు పని చివరికి వెళ్లింది. ఆ పని ఒక పెళ్లి కార్డు. పెళ్లికూతురి మేనమామ వాటిని తీసుకుని సాయంత్రం జూబ్లీ బస్ స్టేషన్‌లో సిద్దిపేట బస్సు ఎక్కాలి. ఆయన రాత్రి తొమ్మిది దాకా ప్రెస్సు మెట్ల మీద కూర్చున్నారు. మా అక్క మూడుసార్లు టీ పంపింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే మరీ ఇబ్బందిగా ఉంది.

వెతుకులాట మీరు అడిగినదే ఇస్తుంది, మనసులో అనుకున్నది ఇవ్వదు. మరుసటి రోజు నుంచి గడువు దాటిన ప్రతి గంటకూ 60 నిమిషాల జరిమానా కలిపాము. నియమాలను రెండు రకాలుగా విడగొట్టడం అలవాటు చేసుకోండి. దాటితే పని చెడేవి ఒక వైపు, దాటితే నష్టం మాత్రమే కలిగేవి మరో వైపు. మొదటి రకాన్ని వరసలోకే రానివ్వకండి. రెండో రకానికి జరిమానా వేయండి. అన్నిటినీ మొదటి రకంలోకి తోస్తే అసలు వరసే దొరకని రోజు వస్తుంది.

ఒకే ఇంకు పనులను ముందే ఒక కట్టగా కట్టేయండి. ఇరవై పనులు ఐదు రంగుల కట్టలైతే సగం భారం వెతకకముందే దిగిపోయినట్టే.

ఇక అంకెలు. గడియారం పెట్టి చూసి గుండ్రం చేసినవి ఇవి, నిమిషాల్లో.

పసుపు తరువాత: ఎరుపు 8, ఆకుపచ్చ 10, నీలం 12, నలుపు 5
ఎరుపు తరువాత: పసుపు 30, ఆకుపచ్చ 20, నీలం 18, నలుపు 6
ఆకుపచ్చ తరువాత: పసుపు 25, ఎరుపు 22, నీలం 9, నలుపు 6
నీలం తరువాత: పసుపు 35, ఎరుపు 25, ఆకుపచ్చ 15, నలుపు 5
నలుపు తరువాత: పసుపు 45, ఎరుపు 35, ఆకుపచ్చ 30, నీలం 25

రాత్రి మిషన్ కడిగే మూస్తారు కాబట్టి ఉదయం అది శుభ్రంగా ఉంటుంది. అన్నిటికన్నా లేత రంగు పసుపుతో మొదలుపెడదాం.

ఆశపోతు పద్ధతితో ఒక జవాబు తెచ్చుకోండి

ఏ క్షణానికి ఏది చవకో అది చేసుకుంటూ పోవడం ఆశపోతు పద్ధతి. పసుపు తరువాత చవకైనది నలుపు, 5. నలుపు తరువాత నీలం 25, ఆ తరువాత ఆకుపచ్చ 15, చివరికి మిగిలిన ఎరుపు 22. మొత్తం 67 నిమిషాలు.

ఏం జరిగిందో గమనించండి. నలుపు ఏ రంగునైనా మింగేస్తుంది కాబట్టి దానిలోకి వెళ్లడం ఎప్పుడూ చవకే. బయటికి రావడమే ఖరీదు. ఆశపోతు గుమ్మం దగ్గర ధర చూస్తుంది, పెరటి తలుపు దగ్గర ధర చూడదు. అయినా ఈ పద్ధతిని తీసిపారేయకండి. నిమిషంలో చేతికి ఒక వరస వచ్చింది, దాన్ని బాగుచేయవచ్చు. ఖాళీ కాగితాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఇరుగుపొరుగు చూడండి

ఇప్పుడు పక్కపక్కన ఉన్న రెండేసి రంగులను తారుమారు చేసి చూద్దాం. పసుపు, నలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు అన్న వరసలో మొదటి రెండు మారిస్తే 94. నలుపు, నీలం మారిస్తే 69. నీలం, ఆకుపచ్చ మారిస్తే అదీ 69. చివరి రెండు మారిస్తే 75. నాలుగూ 67 కన్నా ఎక్కువే. అంటే ఎటు అడుగు వేసినా దిగజారడమే. చుట్టూ పల్లం ఉన్న చిన్న గుట్ట మీద నిలబడి ఇదే గోల్కొండ అనుకోవడం లాంటిది ఇది. చాలామంది ఇక్కడే ఆగి “ఇంతకన్నా కుదరదు” అంటారు.

కుదరనిది సమస్యలో లేదు, అడుగులో ఉంది. పక్కవాటిని మార్చడం మాని, ఒకదాన్ని తీసి ఎక్కడైనా పెట్టవచ్చు అనుకుందాం. నలుపును తీసి చివర పెట్టండి: పసుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, నలుపు. 12, 15, 22, 6 కలిపితే 55. ఒక్క దెబ్బకు పన్నెండు నిమిషాలు. ఇప్పుడు ఎరుపును తీసి పసుపు పక్కన పెడితే 47. ఆ తరువాత నీలం, ఆకుపచ్చ తారుమారు చేస్తే వరస పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు. 8, 20, 9, 5. మొత్తం 42.

ఇంతకన్నా తక్కువ వరస లేదు. ఏ రంగుతో మొదలుపెట్టినా సరే, నలుపు చివర లేకపోతే దాని నుంచి బయటపడడానికే కనీసం 25 పోతుంది. మిగిలిన మూడు మార్పులూ ఎంత చవకగా దొరికినా మొత్తం 47కు తగ్గదు. నలుపు చివర ఉన్న వరసలన్నిటిలో 42దే తక్కువ. ఐదు రంగులకు ఇలా నిరూపించవచ్చు. గడువులు, రెండో మిషన్ వచ్చి చేరిన పెద్ద లెక్కకు ఈ భరోసా ఉండదు, దాన్ని ఒప్పుకునే ఈ దారిలోకి వచ్చాం.

కాబట్టి ఇరుక్కున్నప్పుడు మొదట ప్రయత్నించాల్సింది అడుగు రకాన్ని మార్చడం. ఎక్కువ తిరగడం, వేగమైన కంప్యూటర్ కొనడం తరువాత సంగతి.

అది కూడా చాలకపోతే, కావాలని దిగండి

పెద్ద సమస్యల్లో ఏ రకం అడుగైనా ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. అప్పుడు కాసేపు నష్టానికి ఒప్పుకోవాలి. మళ్లీ 67 దగ్గరికి వెళదాం, పక్కవాటి మార్పులే చేతిలో ఉన్నాయనుకుందాం. నలుపు, నీలం మార్చి 69కి దిగండి. అక్కడి నుంచి చుట్టూ చూస్తే 67, 68, 72, 92 కనిపిస్తాయి. ఆశ ఎటు లాగుతుంది? 67 వైపే, అంటే వచ్చిన దారినే. గానుగకు కట్టిన ఎద్దులా ఆ రెండింటి మధ్యే తిరుగుతూ ఉంటారు.

1986లో ఫ్రెడ్ గ్లోవర్ పేరు పెట్టిన ట్యాబూ సెర్చ్ దీనికి మందు. ఇప్పుడే చేసిన మార్పును కొన్ని అడుగుల దాకా వెనక్కి తిప్పకూడదని చిట్టీ రాసి పెట్టుకోవాలి. అప్పుడు 67 నిషేధం. మిగిలిన వాటిలో మేలైనది 68: పసుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఎరుపు. దాని పక్కనే 55 కాచుకుని ఉంది, ఆ పక్కన 50. రెండు నిమిషాల నష్టానికి ఒప్పుకున్నందుకు పదిహేడు నిమిషాలు వచ్చాయి. కంప్యూటర్ లేకుండా కాగితం మీద చేయగలిగిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. బల్ల అంచున నాలుగు చిట్టీలు ఉంటే చాలు.

కంప్యూటర్ ఉంటే ఇంకో దారి, సిమ్యులేటెడ్ అనీలింగ్. లోహాన్ని ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారిస్తే లోపలి అణువులు కుదురుగా సర్దుకుంటాయి. హడావిడిగా చల్లార్చితే ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. మెట్రోపోలిస్ బృందం 1953లో అణువుల లెక్కల కోసం రాసిన సూత్రాన్ని 1983లో కిర్క్‌పాట్రిక్, జెలాట్, వెక్కీ చిప్‌ల అమరిక వంటి సమస్యలకు తెచ్చారు. ఇక్కడ వేడి అంటే నష్టాన్ని ఎంత మేరకు ఒప్పుకోవాలో చెప్పే అంకె, దాన్ని పెద్దదిగా పెట్టి మెల్లగా తగ్గిస్తారు. వేడి 10 ఉన్నప్పుడు రెండు నిమిషాల నష్టాన్ని నూటికి 82 సార్లు ఒప్పుకుంటుంది. 27 నిమిషాల నష్టాన్ని మాత్రం 7 సార్లే. వేడి 1కి దిగేసరికి ఆ రెండు నిమిషాల నష్టాన్ని కూడా 14 సార్లకు మించి ఒప్పుకోదు. మొదట్లో ఉదారంగా, చివర్లో పిసినారిగా ఉంటుంది. దీనిలో పొరపాటంతా చల్లార్చే వేగంలోనే జరుగుతుంది. జవాబు బాగోలేకపోతే ముందు ఇంకా నెమ్మదిగా చల్లార్చి చూడండి.

అంచనా వేస్తూ కట్టుకురావడం

ఇప్పటిదాకా పూర్తి వరసను తీసుకుని సవరించాం. ఒక్కొక్క రంగునూ చేరుస్తూ వరసను కట్టుకురావడం రెండో దారి. ఆశపోతు కూడా అదే చేసింది, కానీ దానికి ముందుచూపు లేదు. 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ ప్రచురించిన ‘ఏ స్టార్’ (A*) పద్ధతి ఆ చూపును ఇస్తుంది. ఇప్పటిదాకా అయిన ఖర్చుకు, మిగిలిన దారికి అయ్యే కనీస ఖర్చు అంచనాను కలిపి చూడమంటుంది.

అంచనా ఎలా? మిగిలిన ప్రతి రంగులోకీ రావడానికి ఉన్న దారుల్లో చవకైనది తీసుకుని కలపండి. పసుపు తరువాత నలుపు వేస్తే ఖర్చు 5. ఇంకా ఎరుపులోకి కనీసం 22, ఆకుపచ్చలోకి 15, నీలంలోకి 9 కావాలి. మొత్తం 51. పసుపు తరువాత ఎరుపు వేస్తే ఖర్చు 8, మిగిలిన వాటికి 15, 9, 5. మొత్తం 37. ఇందాక 5 అని ఊరించిన నలుపు ఇప్పుడు మూడో చోటుకు జారింది. తరువాతి అడుగులో ఎరుపు పక్కన చేరి 38 అంటూ నలుపు మళ్లీ ఆశపెడుతుంది. ఇంకొక్క అడుగు వేసి చూస్తే 53కు తక్కువ లేదని తెలుస్తుంది. వెనక్కి వచ్చి ఆకుపచ్చ పట్టుకుంటే నేరుగా 42.

ఒక షరతు ఉంది. అంచనా అసలు ఖర్చును ఎన్నడూ మించకూడదు. మించనంత వరకూ చివరికి దొరికేది అన్నిటికన్నా మంచి జవాబేనని ఈ పద్ధతి హామీ ఇస్తుంది. దారులు వెతికే లెక్కల్లో సూటి దూరాన్ని అంచనాగా వాడడం అందుకే: రోడ్డు దూరం దానికన్నా ఎప్పుడూ తగ్గదు. కానీ తగ్గకపోవడం వేరు, దగ్గరగా ఉండడం వేరు. ఛత్తా బజార్ నుంచి మూసీ అవతలి గట్టుకు గీత గీస్తే కూతవేటు దూరమే. బండి మాత్రం నయాపూల్ లాంటి వంతెన దాకా వెళ్లే దాటాలి. మీ సమస్యలో మూసీ ఎక్కడుందో చూసుకోండి, అంచనాలో ఆ వంతెన ఖర్చు చేర్చండి. మా లెక్కలో మూసీ నలుపే.

పనులు మరీ ఎక్కువైతే ‘ఏ స్టార్’ గుర్తుపెట్టుకోవాల్సిన సగం కట్టిన వరసలు కొండలా పెరుగుతాయి. అప్పుడు ప్రతి అడుగులోనూ మేలైన కొన్నిటినే ఉంచుకుని మిగిలినవి వదిలేయడం బీమ్ సెర్చ్. దీని వెనక మనవాడు ఒకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నడిపిన మాటల గుర్తింపు పరిశోధనలోనే, బ్రూస్ లోవెర్ 1976లో హార్పీ అనే వ్యవస్థను ఈ పద్ధతితో కట్టారు. అది 1011 మాటలను గుర్తుపట్టేది. రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి ఆయన అధ్యక్షులుగా కూడా పనిచేశారు.

మా రంగుల మీద దీన్ని నడిపితే ఒక ముచ్చటైన సంగతి బయటపడింది. అంచనా లేకుండా, ఖర్చు మాత్రమే చూస్తూ ప్రతిసారీ మూడేసి వరసలు ఉంచుకుంటే చివరికి దొరికింది 54. అంచనా కలిపితే రెండేసి ఉంచుకున్నా 42 దొరికింది. ఎక్కువ వెతకడం కన్నా తెలిసి వెతకడం చవక.

అమరికలకూ, ఎంపికలకూ

గదిలో మిషన్, కటింగ్ మిషన్, కాగితం అర, ప్యాకింగ్ బల్ల ఎక్కడ పెట్టాలన్నదీ ఇలాంటిదే. గడుల కాగితం మీద అట్టముక్కలు కత్తిరించి పెట్టండి. రోజుకు ఎన్నిసార్లు ఎక్కడి నుంచి ఎక్కడికి తిరుగుతారో అడుగులతో గుణించండి. రెండు ముక్కల చోట్లు మార్చడమే అడుగు, మిగిలినదంతా పైన చెప్పినట్టే.

అద్దె ఇల్లు వేరు. అక్కడ వెనక్కి వెళ్లడం ఉండదు. “ఆలోచించి సాయంత్రం చెబుతాం” అన్న ఇల్లు సాయంత్రానికి ఉండదు. అలాంటి ఎంపికకు గణితంలో ఒక పాత సూత్రం ఉంది: చూడబోయే వాటిలో మొదటి 37 శాతాన్ని చూసి వదిలేయండి, ఆ తరువాత వాటన్నిటినీ మించినది ఎదురైతే వెంటనే పట్టుకోండి. పది ఇళ్లయితే మూడు వదలాలి. అన్నిటిలోకీ మంచిది దొరికే అవకాశం దాదాపు నూటికి 40. మంచిది చాలు, అన్నిటిలోకీ మంచిదే అక్కర్లేదు అనుకునేవారు అంతకన్నా ముందే ఆగవచ్చు. నీళ్లు వచ్చే ఇల్లయితే నేను రెండోదానికే సరే అంటాను.

ఎక్కడ ఆపాలి

ఆపే గీత వెతకకముందే గీసుకోండి. ‘చాలినంత మంచిది’ దొరికితే ఆగడమే మనుషుల తెలివి అని హెర్బర్ట్ సైమన్ 1956లోనే రాశారు. 1978లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మా గీత ఇది: పావుగంట వెతకాలి, చివరి ఐదు నిమిషాల్లో మెరుగు లేకపోతే ఆపాలి, మిషన్ ఆన్ చేయాలి. వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదుసార్లు మొదలుపెడితే దొరికిన జవాబు మీద నమ్మకం పెరుగుతుంది. అన్నీ ఒకేచోటికి చేరుతుంటే బహుశా అదే కొండ.

చివరగా, సరిహద్దును తడిమి చూడండి

మిషన్ నడిపే పెద్దాయనను అందరూ చాచా అంటారు. నేను రెండు ఆదివారాలు కూర్చుని తేల్చిన 42 వరస చూపిస్తే ఆయన రోలర్ తుడుస్తూనే “నలుపు సాయంత్రానికే కదా బాబూ, ఇన్నేళ్లుగా అదే చేస్తున్నాను” అన్నారు. నా ముఖం పాలిపోయి ఉంటుంది. లేతది ముందు, ముదురుది వెనక, నలుపు చివర: అది ఆయన ఒడుపు, నా లెక్క దాన్ని అణువంత కూడా కదల్చలేదు. ఆ ఒడుపు ఎందుకు పనిచేస్తుందో మాత్రం అప్పుడు ఇద్దరమూ కూర్చుని చూశాం. నలుపును దించే 45 నిమిషాలు లేకుండా పోలేదు, రాత్రి ఎలాగూ కడిగే పనిలో కలిసిపోయాయి.

ఆ మాఘంలో ముహూర్తాలు దట్టంగా పడ్డాయి. బావ రాత్రి షిఫ్టు కూడా పెట్టాడు. మిషన్ ఆగదు, రాత్రి కడగడం లేదు, నలుపు తరువాత మళ్లీ పసుపే రావాలి. గీత కాస్తా చక్రమైంది. చాచా వరసకు ఇప్పుడు 42కు 45 కలిపి 87 అయింది. పసుపుతో మొదలై పసుపుకు చేరే 24 చక్రాలనూ కూడి చూశాను. అన్నిటికన్నా తక్కువది పసుపు, ఎరుపు, నలుపు, నీలం, ఆకుపచ్చ, మళ్లీ పసుపు. 8, 6, 25, 15, 25. మొత్తం 79, నలుపు సరిగ్గా నడుమ.

చాచా కాగితాన్ని చాలాసేపు చూశారు. నీలం నుంచి ఆకుపచ్చకు 15 కాదు, తన చేతిలో 12 అని దిద్ది, ప్లేటు బిగించడానికి వెళ్లారు.